నల్లమందు మనవడు: మెడికల్ షాపులో దొరికే ఆ చిన్న మాత్ర వెనక కథ

ముందే చెప్తున్నా, ఈ ఎపిసోడ్ అన్నం తింటూ చూసేది కాదు. తినేసి రండి, నేను ఇక్కడే ఉంటా.

మా బాబాయ్‌కి ఆరేళ్ల క్రితం పెద్దపేగు మొత్తం తీసేశారు. అల్సరేటివ్ కోలైటిస్ అని, పేగు లోపల పుండ్లు పడే జబ్బు. అప్పట్నుంచీ రోజూ లోపెరమైడ్ మాత్రలు వేసుకుంటాడు. మోషన్స్ అయితే మనం ఒకటి వేసుకుని మర్చిపోతాం చూడండి, అదే మాత్ర. ఆయనకి అది రోజువారీ రేషన్.

మొన్న ఎండాకాలంలో ఫ్యామిలీ గ్రూప్‌లో ఒక వాట్సాప్ ఫార్వర్డ్ వచ్చింది. "ఈ మాత్ర నల్లమందు జాతిది, బానిసైపోతారు, వెంటనే ఆపండి" అని. బాబాయ్ ఎవరికీ చెప్పకుండా ఆపేశాడు. మూడో రోజు బాత్రూమ్‌లో పడిపోయాడు. పిన్ని ఫోన్ చేసినప్పుడు నేను కెమెరా సెట్ చేసుకుంటున్నా. హాస్పిటల్‌కి వెళ్లేసరికి సెలైన్ ఎక్కిస్తున్నారు, ఒంట్లో నీళ్లు లేక కిడ్నీల రిపోర్ట్ కూడా తేడా కొట్టింది. నన్ను చూసి ఆయన అడిగిన మొదటి మాట, "ఒరేయ్, నేను నల్లమందుకి అలవాటు పడ్డానా?"

నా దగ్గర ఆన్సర్ లేదు. నాలుగేళ్లు కోడ్ రాసిన అలవాటుతో, బగ్ ఎక్కడ మొదలైందో వెనక్కి వెతుక్కుంటూ వెళ్లా.

ఆ ఫార్వర్డ్‌లో సగం నిజమే ఫ్రెండ్స్. అదే దాని డేంజర్.

నల్లమందుతో విరేచనాలు ఆపడం చాలా పాత పద్ధతి. యూరప్‌లో నల్లమందుని సారాలో కలిపి లాడనమ్ అని అమ్మేవాళ్లు, కర్పూరం కలిపిన ఇంకో రకం పేరు పారెగోరిక్. పని చేసేది, డౌట్ లేదు. మన మెదడులో నల్లమందు అతుక్కునే రిసెప్టర్లే పేగు గోడల్లోని నరాల్లో కూడా ఉంటాయి. అక్కడ అతుక్కుంటే పేగు కదలిక నెమ్మదిస్తుంది, నీళ్లు లాక్కోవడానికి టైమ్ దొరుకుతుంది. చిక్కేంటంటే అది పేగు దగ్గర ఆగదు. మెదడుకీ వెళ్తుంది. మత్తు, అలవాటు, డోస్ ఎక్కువైతే ఊపిరి ఆగిపోవడం, అన్నీ దాని వెనకే వస్తాయి.

ఇప్పుడు బెల్జియం వెళ్దాం. 1953లో పాల్ జాన్సెన్ అనే కుర్ర డాక్టర్, వయసు 26, 27, అంటే ఇంచుమించు నా ఏజ్, వాళ్ల నాన్నగారి కంపెనీ బిల్డింగ్‌లోనే చిన్న ల్యాబ్ పెట్టాడు. పెథిడిన్ అనే నొప్పి మందు అణువుని తీసుకుని, ఒక్కో ముక్క మార్చి కొత్త అణువులు చేయడం ఆయన పద్ధతి. ప్రతి అణువుకీ ఒక నంబర్, మన బిల్డ్ నంబర్ లాగా. 1956లో వచ్చిన డైఫెనాక్సిలేట్ నొప్పికి పెద్దగా పనికిరాలేదు కానీ పేగుని భలే ఆపింది. అదే లోమోటిల్. అయితే ఎక్కువ మింగితే ఇదీ మెదడుకి వెళ్తుంది. అందుకే అందులో కావాలనే కొంచెం అట్రోపిన్ కలిపారు. మత్తు కోసం గుప్పెడు మింగినవాడికి నోరెండిపోయి, గుండె దడదడలాడి, మళ్లీ ఆ పని చేయబుద్ధి కాకుండా! మందులోనే కాపలా కుక్కని కట్టేసినట్టు.

1969లో అదే ల్యాబ్‌లో ఆర్ 18553 నంబర్ అణువు తయారైంది. డైఫెనాక్సిలేట్ నుంచి ఒక సగం, మానసిక జబ్బులకి వాళ్లే చేసిన హాలోపెరిడాల్ నుంచి ఇంకో సగం తీసుకుని అతికించినట్టుంటుంది దాని నిర్మాణం. అదే లోపెరమైడ్, బ్రాండ్ పేరు ఇమోడియం. ఇది పేగుని ఆపింది, మెదడుని మాత్రం ముట్టుకోలేదు. ఈ రోజు అమెరికాని వణికిస్తున్న ఫెంటనిల్ కూడా ఇదే ల్యాబ్‌లో పుట్టింది. ఒకే ఇంట్లో ఇద్దరు కొడుకుల కథలాంటిది.

1976లో అమెరికా దీనికి పర్మిషన్ ఇచ్చింది. అనుమానంతో మొదట మత్తుమందుల చట్టం కింద పెట్టారు. 1982లో ఆ లిస్ట్ నుంచి తీసేశారు, 1988లో చీటీ లేకుండా అమ్మనిచ్చారు.

మరి మెదడుకి ఎందుకు వెళ్లలేదు? దీని జవాబు నాకు బాగా నచ్చిన పార్ట్. 1990లలో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆల్ఫ్రెడ్ షింకెల్ టీమ్ పి-గ్లైకోప్రోటీన్ అనే ప్రోటీన్ లేని ఎలుకల్ని తయారు చేసింది. ఎలుకలకి పురుగులు పట్టకుండా ఐవర్‌మెక్టిన్ స్ప్రే కొట్టారు. మామూలు ఎలుకలకి ఏమీ కాలేదు, ఇవి చచ్చిపోయాయి. అలా తెలిసింది, ఆ ప్రోటీన్ మెదడు గుమ్మం దగ్గర నిలబడి లోపలికొచ్చిన పరాయి పదార్థాన్ని బయటికి తోసే పంపు అని. 1996లో అవే రకం ఎలుకలకి లోపెరమైడ్ ఇస్తే, అవి నల్లమందు తిన్నట్టే ప్రవర్తించాయి.

అంటే లోపెరమైడ్ సాధువేం కాదు. గుమ్మం దగ్గర సెక్యూరిటీ గార్డ్ గట్టివాడు, అంతే. దానికి తోడు మింగిన మందులో చాలా భాగాన్ని లివర్ ముందే విరిచేస్తుంది.

గార్డ్ ఓడిపోయిన చోట్ల ఏమైందో కూడా చెప్పాలి. పాకిస్తాన్‌లో పసిపిల్లలకి లోపెరమైడ్ డ్రాప్స్ వేస్తే కొందరికి పేగు కదలిక పూర్తిగా ఆగిపోయి ప్రాణాలు పోయాయి. 1990లో అక్కడ పిల్లల రకాలన్నీ నిషేధించారు. ఇళ్లలో చిన్నపిల్లలకి మోషన్స్ అయితే సగం మాత్ర విరిచి ఇచ్చేవాళ్లని నేను చూశాను, దయచేసి ఆ పని చేయకండి. పిల్లలకి ఓఆర్‌ఎస్, డాక్టర్. ఇక పెద్దవాళ్లలో, మత్తు కోసం పదుల కొద్దీ, వందల కొద్దీ మాత్రలు మింగినవాళ్లకి గుండె లయ తప్పింది. 2016లో అమెరికా ఎఫ్‌డీఏ హెచ్చరిక ఇచ్చింది, 2018లో ప్యాకెట్ సైజులు తగ్గించమంది. సొంతంగా వాడితే రోజుకి 8 మిల్లీగ్రాములు, డాక్టర్ చీటీతో అయితే 16, ఇవి అక్కడి లిమిట్లు.

ఇప్పుడు బాబాయ్ దగ్గరికి వద్దాం. రోజూ మనం తిన్నది, తాగింది, ఒంట్లో ఊరే రసాలు కలిపి దాదాపు 8, 9 లీటర్లు చిన్నపేగులోకి వెళ్తాయి. అది చాలావరకు పీల్చుకుని ఒకటి, ఒకటిన్నర లీటర్ పెద్దపేగుకి వదుల్తుంది. పెద్దపేగు దాన్ని పిండి పిండి 100, 200 మిల్లీలీటర్లకి తెస్తుంది. ఆ పిండే మెషీనే తీసేస్తే?

ఒకప్పుడు చిన్నపేగు కొసని పొట్ట బయటికి తెచ్చి వదిలేసేవాళ్లు. కారే ద్రవానికి చుట్టూ చర్మం పుండైపోయేది. 1952లో బర్మింగ్‌హామ్‌లో బ్రయాన్ బ్రూక్ అనే సర్జన్ ఆ కొసని చొక్కా చెయ్యి మడిచినట్టు బయటికి తిప్పి కుట్టే పద్ధతి చెప్పాడు. బ్యాగ్ సరిగ్గా అతుక్కోవడం మొదలైంది. 1978లో లండన్ సెయింట్ మార్క్స్ హాస్పిటల్‌లో పార్క్స్, నికల్స్ చిన్నపేగుతోనే లోపల ఒక సంచి కుట్టి, బ్యాగ్ లేకుండా మామూలు దారిలోనే వెళ్లేలా చేశారు. బాబాయ్‌కి ఉన్నది ఆ సంచే. అది ఉన్నా రోజుకి ఐదారు సార్లు వెళ్లాలి.

ఇలాంటి వాళ్లకి లోపెరమైడ్ ఎంత పనికొస్తుందో మొదట్నుంచే చూశారు. 1975లోనే ఆమ్‌స్టర్‌డామ్ డాక్టర్ టిట్‌గట్, పొట్టకి బ్యాగ్ ఉన్నవాళ్లకి ఇచ్చి, బ్యాగ్‌లోకి వచ్చేది తగ్గిందని రాశాడు. అప్పట్నుంచీ ఏళ్ల తరబడి వాడుతున్నవాళ్లు ఉన్నారు. కొందరికి స్పెషలిస్టులు మామూలు లిమిట్ దాటి కూడా ఇస్తారు, ఈసీజీ చూసుకుంటూ.

సో, బాబాయ్ ఆపేసినప్పుడు మళ్లీ మోషన్స్ వచ్చింది మత్తుకి అలవాటు పడి కాదు. పెద్దపేగు లేదు కాబట్టి. కళ్లజోడు తీస్తే మసగ్గా కనిపిస్తే, కళ్లజోడుకి బానిసైనట్టా?

ఈ మాట హాస్పిటల్ బెడ్ పక్కన చెప్పలేకపోయా, ఇంటికొచ్చాక చెప్పా. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "ఆరేళ్లలో ఒక్కళ్లూ చెప్పలేదురా" అన్నాడు. ఆపరేషన్ చేసిన చోట డిశ్చార్జ్ రోజు చీటీ చేతిలో పెట్టి పంపేశారు. తినకముందు అరగంటకి వేసుకుంటే బాగా పనిచేస్తుందని కూడా ఎవరూ చెప్పలేదట, ఇన్నాళ్లూ భోజనం అయ్యాకే వేసుకుంటున్నాడు. మొన్న కొత్త డాక్టర్‌గారు ఈసీజీ తీసి, ఆయన వాడే మిగతా మందుల లిస్ట్ చూసి, టైమింగ్ మార్చారు. కొన్ని మందులు ఆ పంపుని అడ్డుకుంటాయి కదా, అందుకే లిస్ట్ చూడాలి.

ఇప్పుడు ఫోన్‌లో అలారం పెట్టుకున్నాడు, పన్నెండున్నరకి మాత్ర, ఒంటిగంటకి అన్నం. పోయిన శనివారం బస్సెక్కి తెనాలిలో పెళ్లికి వెళ్లొచ్చాడు, ఆరేళ్లలో మొదటిసారి. ఆ ఫార్వర్డ్ పంపిన మామయ్య కూడా అక్కడే తగిలాడంట. ఏమన్నాడో నాకు చెప్పట్లేదు, పిన్ని మాత్రం నవ్వుతోంది.

నెక్స్ట్ ఎపిసోడ్ ఓఆర్‌ఎస్ మీద, 1971 బనగావ్ శరణార్థి శిబిరం, డాక్టర్ దిలీప్ మహలనబిస్ కథ. ఉంటా మరి.