కూరస్ బొగ్గుగని – ఒక భవనము, ఒక శాసనము

స్కాట్లాండు దేశమున ఫోర్త్ నది సముద్రమును చేరు విశాలముఖమున, ఉత్తరపుటొడ్డున కూరస్ అను గ్రామము కలదు. పూర్వము మఠవాసులు త్రవ్వించిన అచటి బొగ్గుగనిని 1575లో జార్జి బ్రూస్ కౌలునకు గైకొనెను. బొగ్గుపొర నదీముఖజలము క్రిందికి సాగుటచే, నీరు తీసినవేళ బయల్పడు నేలపై ఆతడు రాతికట్టడము గట్టించి, దాని నడుమ కూపమును త్రవ్వించెను. పోటువేళ నది దీవివలె నుండెడిది. ఓడలు దాని చెంతకే వచ్చి బొగ్గు నింపుకొనెడివి. గుఱ్ఱములు త్రిప్పు యంత్రమునకు గొలుసుతో కూర్చిన బాల్చీలు గనిలోని నీటిని తోడెడివి. నాసిబొగ్గును ఇనుప పెనముల క్రింద మండించి ఉప్పు వండిరి. మన తీరమున ఎండ చేయు పనిని అచట బొగ్గు చేసెను. 1617లో ఆరవ జేమ్సు రాజు ఈ గనిని దర్శించెను. 1625 నాటి తుపానున ఆ కూపము ధ్వంసమయ్యెను. ఆ యేడే బ్రూసును మరణించెను.

ఆతడు 1597–1611 నడుమ గట్టించిన భవనము నేటికిని నిలిచియున్నది. 1932లో నేషనల్ ట్రస్టు ఫర్ స్కాట్లాండు దానిని కొనెను. ఆ భవనము పూర్తికాకమునుపే, 1606లో, ఆ దేశపు శాసనసభ యొక శాసనము చేసెను. పూర్వయజమాని అనుమతిపత్రము లేని గనికూలీని గాని, ఉప్పు వండువానిని గాని ఎవ్వరును పనిలో చేర్చుకొనరాదని దాని సారము. అట్లేర్పడిన దాస్యము 1775లో సడలనారంభించి, 1799లో గాని పూర్తిగా తొలగలేదు.

భవనము గని లాభమునకు సాక్ష్యము. ఆ లాభము నార్జించిపెట్టిన వారి స్థితికి ఈ శాసనము సాక్ష్యము. కూరస్ చరిత్ర వ్రాయువారు రెంటిని కలిపి చదువవలెను.