రాయ్‌పూర్ మైదానంలో తాతల నాటి కమతం

ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయ్‌పూర్ చుట్టూ ఉన్న మైదానం మహానది, శివనాథ్ నదుల నడుమ పరుచుకున్న వరి నేల. ఇక్కడి రైతు కుటుంబాలు ఎన్నో తరాలుగా సేద్యం మీదే బతుకుతున్నాయి. అయితే ఫలానా మడి ఫలానా ఇంటిదేనన్న ఏర్పాటు అంత పాతది కాదు. దాని వయసు సుమారు నూట యాభై ఏళ్లు. అంతకుముందు చాలా ఊళ్లలో తండ్రి నుంచి కొడుక్కి దక్కింది ఊరి భూమిలో వాటా మాత్రమే.

దీనికి మూలం నేల తీరులోనే ఉంది. ఒకే ఊరి పొలిమేరలో నాలుగు రకాల నేలలు కనిపిస్తాయి. పల్లంలో నీరు నిలిచే నల్లరేగడిని కన్హార్ అంటారు. పసుపు రంగు తేలిక నేల మటాసీ. ఈ రెంటికీ మధ్య రకం డోర్సా. గట్టున ఉండే ఎర్రని గులకరాళ్ల మెట్ట భాటా. వాన వెనకబడితే ముందు ఎండేది మెట్ట పైరు, అతిగా కురిస్తే మునిగేది పల్లం. ఒక ఇంటికి అంతా మెట్టే, ఇంకో ఇంటికి అంతా మాగాణే దక్కితే ఊళ్లో పొత్తు నిలవదు. అందుకే ప్రతి రైతుకూ ప్రతి రకం నేలలో కొంత వచ్చేలా భూమిని చిన్న చెక్కలుగా పంచేవారు. కొన్నేళ్లకోసారి మొత్తం కలిపి మళ్లీ పంచుకునేవారు. ఈ ఆచారం పేరు లఖాబాటా. కొత్తగా వచ్చిన కుటుంబానికి చోటు ఇవ్వాలన్నా, ఎడ్లు, మనుషుల బలం తగ్గిన ఇంటికి భారం తగ్గించాలన్నా ఇదే దారి.

ఊరి పెత్తనం గౌంటియాది. 18వ శతాబ్దం నడుమ రతన్‌పూర్, రాయ్‌పూర్‌లను ఏలిన హైహయ వంశీయులను తొలగించి నాగ్‌పూర్ భోంస్లేలు ఈ ప్రాంతాన్ని చేజిక్కించుకున్నారు. వారి పాలనలో ఊరి శిస్తు వసూలు చేసి కట్టేది గౌంటియాయే. 1818లో భోంస్లేల పక్షాన పాలన చూడడానికి బ్రిటిష్ అధికారులు వచ్చాక ముఖ్య కేంద్రం రతన్‌పూర్ నుంచి రాయ్‌పూర్‌కు మారింది. 1854లో నాగ్‌పూర్ రాజ్యంతో పాటు ఛత్తీస్‌గఢ్ కూడా నేరుగా బ్రిటిష్ ఏలుబడిలోకి వెళ్లింది.

అసలు మలుపు ఆ తర్వాత వచ్చిన భూమి బందోబస్తు, అంటే భూమిని కొలిచి శిస్తు, హక్కులు తేల్చే ఏర్పాటు. రాయ్‌పూర్ జిల్లా బందోబస్తు నివేదికను బ్రిటిష్ అధికారి హ్యూవిట్ 1869లో సమర్పించాడు. శిస్తుకు జవాబుదారీగా ఉండే మాల్‌గుజారులకు ఊళ్ల మీద యాజమాన్య హక్కు వచ్చింది. పాత గౌంటియాల్లో చాలామంది మాల్‌గుజారులయ్యారు. చెక్కచెక్కకూ నంబరు పడి, సాగుదారు పేరు ఊరి లెక్కలు రాసే పట్వారీ కాగితాల్లోకి ఎక్కింది. పేరు నమోదైన భూమిని మళ్లీ ఊరంతా కలిపి పంచుకోవడం కష్టం. దాంతో లఖాబాటా క్రమంగా కనుమరుగైంది. 1883, 1898, 1920 కౌలు చట్టాలు రైతు హక్కుకు బలమిచ్చాయి. అయితే పాత పంపకాల ఆనవాలు పోలేదు. ఒకే కుటుంబం భూమి నాలుగు దిక్కుల్లో చిన్న చెక్కలుగా ఉండడం అలా మిగిలిపోయింది.

భూమికి హక్కు వచ్చాక దానికి అమ్మకం విలువా వచ్చింది. 1880లలో రైలు రావడంతో ఇక్కడి బియ్యానికి దూరపు బజారు దొరికింది, అప్పులిచ్చిన వర్తకుల చేతికి కొన్ని ఊళ్లు వెళ్లాయి. 1896-97, 1899-1900 కరువులు మైదానాన్ని కుంగదీశాయి. ఆ తర్వాతే ప్రభుత్వం సాగునీటి మీద దృష్టి పెట్టింది. మహానదిపై రుద్రి ఆనకట్ట, దాని కాలువలు, 1923లో మురుంసిల్లి జలాశయం వచ్చాయి. కాలువ నీటి పన్ను మీద 1920లో ధమ్తరీ దగ్గర కండేల్ రైతులు సత్యాగ్రహం చేశారు. ఆ ఏడాది డిసెంబరులో గాంధీజీ రాయ్‌పూర్ వచ్చారు.

స్వాతంత్ర్యం తర్వాత, ఈ ప్రాంతం అప్పుడు భాగంగా ఉన్న మధ్యప్రదేశ్ 1950లో చేసిన చట్టం మాల్‌గుజారీని రద్దు చేసింది. అది 1951 మార్చి 31 నుంచి అమలైంది. మాల్‌గుజారులకు సొంత సేద్యపు భూమి మిగిలింది. 1959 భూమి శిస్తు స్మృతి సాగుదారుకు భూమిస్వామి హోదా ఇచ్చింది. మన రైతుకు పట్టా ఎంతో, అక్కడి రైతుకు బి-1, ఖస్రా కాగితాలు అంత. యజమాని చనిపోతే ఫౌతి నమోదుతో వారసుల పేర్లు ఎక్కుతాయి. 1956 హిందూ వారసత్వ చట్టం, 2005 సవరణ కూతుళ్లకూ వాటా ఇచ్చాయి. తరం మారేకొద్దీ వాటాలు పెరిగి చెక్కలు చిన్నవయ్యాయి.

భూమితో పాటు ఇళ్లలో తరతరాలుగా అందుతూ వచ్చింది సేద్యపు నేర్పు. తొలకరికి పొడి దుక్కిలో వరి విత్తనాలు వెదజల్లుతారు. నెల రోజులు దాటాక మడిలో నీళ్లు నిలవగానే, ఎదిగిన పైరు మీదుగానే తేలికపాటి నాగలి తోలుతారు. కలుపు బురదలోకి పోతుంది, ఒత్తుగా ఉన్న మొక్కలు కదులుతాయి. వాటిని పలచగా ఉన్న చోట సర్దుతారు. ఈ పద్ధతి పేరు బియాసీ. నారు పోసి నాట్లు వేసేంత భరోసాగా నీరు లేని చోట ఇదే గట్టి ఉపాయం. కోతకు ముందే, తడి ఆరకుండా, వరిలో ఖేసారి పప్పు విత్తనం చల్లి రెండో పంట తీయడం ఉతేరా.

విత్తనం కూడా అలాగే ఇంటి నుంచి ఇంటికి అందింది. రాయ్‌పూర్‌లో పనిచేసిన వరి శాస్త్రవేత్త ఆర్.హెచ్. రిచారియా 1970లలో ఊరూరా తిరిగి దాదాపు 19 వేల వరి నమూనాలు సేకరించారు. 1987లో ఏర్పడిన ఇందిరా గాంధీ కృషి విశ్వవిద్యాలయం వాటికి మరికొన్ని కలిపి భద్రపరిచింది. ఆ విత్తనాల మీద సింజెంటా అనే విత్తన కంపెనీతో 2002లో మొదలైన ఒప్పందం ప్రజల నిరసనతో ఆగిపోయింది. పొలాల్లో మాత్రం అధిక దిగుబడి రకాలే నిండాయి. వాటిలో పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరు పరిశోధన కేంద్రంలో పుట్టిన స్వర్ణ, ఎంటీయూ 1010 ప్రధానమైనవి.

నేడు భూమి కాగితం విలువ ఇంకా పెరిగింది. 2023-24 నుంచి ప్రభుత్వం క్వింటాలుకు 3,100 రూపాయల చొప్పున ఎకరానికి 21 క్వింటాళ్ల దాకా ధాన్యం కొంటోంది. ఎంత అమ్మవచ్చో తేల్చేది రికార్డులోని విస్తీర్ణమే. మరోవైపు 2012లో సచివాలయం తరలివెళ్లిన కొత్త నగరం నవ రాయ్‌పూర్ కోసం చుట్టుపక్కల పల్లెల పొలాలు పోయాయి. పరిహారం కోసం రైతులు 2022లో ధర్నాకు కూర్చున్నారు.

ఊరి వాటాగా ఉన్న నేల ఇంటి ఆస్తిగా మారడం రైతుకు భద్రతనిచ్చిన మాట నిజం. కానీ అన్ని నేలలనూ అందరికీ సమంగా పంచే ఏర్పాటు దాంతో పోయింది. ఆ నేలలకు తగిన విత్తనాల్లో చాలా భాగం ఇప్పుడు రైతుల గాదెల్లో కాక విశ్వవిద్యాలయం భాండారంలో ఉంది.