ఐక్ టర్నర్ రాని గది

2007 ఆగస్టు. క్లీవ్‌ల్యాండ్ నుంచి తూర్పుకి దాదాపు 50 కిలోమీటర్లు వచ్చి చెట్ల నడుమకి తిరిగితే పెయిన్స్‌విల్‌లోని సూమా స్టూడియో. లోపలికి రండి. గోడ పక్కన కూర్చోండి. మాటలొద్దు, మైకులు తెరిచి ఉన్నాయి.

గిటార్ పట్టుకున్నది డాన్ ఆవర్‌బాక్. డ్రమ్స్ వెనక పాట్రిక్ కార్నీ. బ్లాక్ కీస్ బృందం అంటే ఈ ఇద్దరే, ఆక్రన్ ఊరి కుర్రాళ్లు. ఇన్నాళ్లూ బేస్‌మెంటులో, మూతపడ్డ టైర్ల ఫ్యాక్టరీలో, దొరికిన సామానుతో తామే రికార్డు చేసుకున్నారు. 2003 నాటి ‘థిక్‌ఫ్రీక్‌నెస్’ 14 గంటల్లో ముగించేశారు. అసలు సిసలు స్టూడియోలో, బయటి నిర్మాతతో ఆల్బమ్ చేయడం ఇదే మొదలు. కన్సోల్ దగ్గర ఇంజనీరు పాల్ హామన్. నిర్మాత డేంజర్ మౌస్.

ఇక్కడ రికార్డు చేసే పాటల్లో కొన్ని, తొలితరం రాక్ అండ్ రోల్ సంగీతకారుడు ఐక్ టర్నర్ గొంతు కోసం రాసుకున్నవి. ఆయనతో తలపెట్టిన ఆల్బమ్ కుదరలేదు. ఆ డిసెంబరులోనే ఆయన పోయాడు. ఇక్కడ తయారైన ఆల్బమ్ ‘అటాక్ అండ్ రిలీజ్’ వచ్చింది 2008 ఏప్రిల్ 1న.

‘ఆల్ యూ ఎవర్ వాంటెడ్’ మొదలైంది. ఆవర్‌బాక్ గొంతు పెంచడం లేదు. గిటార్ నింపాదిగా నడుస్తోంది. ఇంతేలే అని సర్దుకుని కూర్చున్నారా, చివర్లో ఆర్గాన్ వరదలా మీదికొచ్చి పడుతుంది. ‘సైకోటిక్ గర్ల్’లో బాంజో తీగ టింగుమంటే, వెనకాల ఎవరో మూలిగినట్టు గొంతులు. కార్నీ తొందరపడడు. దెబ్బకీ దెబ్బకీ మధ్య బోలెడంత చోటు వదిలేస్తాడు. బేస్‌మెంటు రోజుల్లో ఆ చోటంతా గిటార్ గరగరే నింపేది. ఇప్పుడు దాన్ని ఖాళీగా ఉంచే ధైర్యం వచ్చింది. ఈ ఆల్బమ్ దిగులంతా అక్కడే ఉంది, పైన చేర్చిన వాయిద్యాల్లో కాదు.

అలాగని ఆ చేర్పుల్ని తీసిపారేయలేం. ‘సేమ్ ఓల్డ్ థింగ్’లో మొరటు గిటార్ పక్కనే ఫ్లూటు వినిపిస్తుంది, కార్నీ బాబాయి రాల్ఫ్ కార్నీ ఊదినది. ఇంకోచోట మార్క్ రిబో గిటార్. ఇద్దరూ గాయకుడు టామ్ వెయిట్స్ దగ్గర పనిచేసినవాళ్లే. వంకర నీడలు వాళ్లకి కొత్తేం కాదు. ‘రిమెంబర్ వెన్’ రెండుసార్లు వస్తుంది: ఒకసారి పొగమంచులా, ఒకసారి పాత రభసతో. ఆ రెండోది లేకపోయినా నాకు లోటనిపించదు.

చివరి పాటకి ఆవర్‌బాక్ పక్కన ఇంకో గొంతు చేరుతుంది. జెస్సికా లీ మేఫీల్డ్, ఇరవై నిండని అమ్మాయి. పెద్దగా హావభావాలేమీ లేకుండా, ఉన్న మాట చెబుతున్నట్టు పాడుతుంది. మిగతా పాటల్లో ఐక్ టర్నర్‌ని ఎంతో కొంత ఊహించుకోగలను. ఇక్కడ మాత్రం ఆయనకి చోటే దొరకదు.