గుండె ఆగేదాకా ఆగమన్నారు

2012 అక్టోబర్ 21, ఆదివారం. ఐర్లండ్‌లోని గాల్వే యూనివర్సిటీ ఆసుపత్రి. నడుం నొప్పి తాళలేక సవితా హలప్పనవర్ వచ్చింది. 31 ఏళ్లు. పళ్ల డాక్టరు. బెళగావి ఆడపడుచు. పదిహేడో వారం, తొలిచూలు. చూసి ఇంటికి పంపేశారు. కాసేపటికే మళ్లీ పరుగెత్తుకొచ్చింది. ఈసారి చేర్చుకున్నారు, కడుపు నిలవదని చెప్పారు, రక్తం తీశారు. తెల్లకణాలు బాగా పెరిగాయని రిపోర్టు వచ్చింది. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

అర్ధరాత్రి దాటగానే ఉమ్మనీరు పోయింది. ఇక బిడ్డ దక్కదు. గుండె మాత్రం కొట్టుకుంటూనే ఉంది.

మంగళవారం సవిత నోరు తెరిచి అడిగింది. ఎలాగూ పోయే కడుపే కదా, అబార్షన్ చేసెయ్యండని. డాక్టరు కాదంది. తల్లి ప్రాణానికి ముప్పు కనిపిస్తే తప్ప చట్టం ఒప్పుకోదంది. ఇది క్యాథలిక్ దేశం అని ఒక నర్సు నోట మాట వచ్చింది. నేను హిందువుని, నాకెందుకీ నియమం అని సవిత అడిగిందని భర్త ప్రవీణ్ తర్వాత చెప్పాడు. జవాబు మారలేదు.

అదే సవిత మన రాయచూరు రిమ్స్ ఆసుపత్రిలో ఉండి ఉంటే? మాన్వి నుంచో దేవదుర్గ నుంచో వచ్చే ఏ పేద తల్లికైనా 1971 నాటి మన గర్భస్రావ చట్టం అప్పటికే అబార్షన్ దారి చూపింది. పన్నెండు వారాలు దాటి ఇరవై లోపైతే, ఆరోగ్యానికి తీవ్ర హాని ఉందని ఇద్దరు డాక్టర్లు నమ్మితే అప్పట్లో సరిపోయేది. ప్రాణం మీదికి వచ్చేదాకా ఆగక్కర్లేదు. ఐర్లండ్‌లో మాత్రం 1983 రాజ్యాంగ సవరణ తల్లినీ కడుపులో పిండాన్నీ ఒకే త్రాసులో పెట్టింది. గీత దాటితే 1861 నాటి చట్టం కింద యావజ్జీవం దాకా పడే ప్రమాదం అప్పట్లో ఉండేది. ఆ భయం ఒకపక్క. ఇంకోపక్క, ఎవరి కంటా పడకుండా ఒంట్లో పాకుతున్న ఇన్ఫెక్షన్ విషం.

బుధవారం తెల్లవారుజామున నాలుగుంపావు. సవిత వణుకుతోంది. పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. ఇంకో దుప్పటి కప్పి, పారాసిటమాల్ ఇచ్చి, చలేమో అనుకున్న ఆ రెండు గంటల్లోనే జ్వరం 39.6 డిగ్రీలకు ఎగబాకి, నాడి నిమిషానికి 160 సార్లు పరుగెత్తి, మధ్యాహ్నానికి రక్తపోటు పడిపోయి, ఇప్పుడు ప్రాణాపాయమే, ఇప్పుడు తీసెయ్యొచ్చు అని డాక్టరు నిర్ణయించేసరికి ఆపరేషన్ థియేటర్‌లో బిడ్డ తానే బయటికి వచ్చేసింది. ఆడపిల్ల. ఊపిరి లేదు.

చట్టం అడిగిన ముప్పు అప్పటికి వచ్చేసింది. ఐసీయూలో అవయవాలు ఒక్కొక్కటే చేతులెత్తేశాయి. ఆదివారం తెల్లవారకముందే, అక్టోబర్ 28న, సవిత పోయింది.

2013 ఏప్రిల్‌లో విచారణ. సోమవారమో మంగళవారమో అబార్షన్ చేసుంటే బహుశా బతికేదని ప్రసూతి నిపుణుడు పీటర్ బాయ్‌లన్ సాక్ష్యం చెప్పాడు. అదే నోటితో, ఆ రెండు రోజులూ చట్టం అడ్డని చెప్పాడు. చట్టం ఒప్పుకునేసరికి వేళ మించిపోయిందన్నాడు. చూడని రిపోర్టు, సరిగా కొలవని నాడి కూడా బయటపడ్డాయి. ఆ తప్పులు ఆసుపత్రివి. ఆగమన్నది మాత్రం చట్టం.

2018 మే 25న ఐర్లండ్ ఓటేసింది. 66.4 శాతం మంది 1983 నాటి ఆ సవరణను తీసెయ్యమన్నారు. కొత్త చట్టానికి తన కూతురి పేరు పెట్టమని బెళగావి నుంచి తండ్రి అందానప్ప యాళగి వేడుకున్నాడు. చట్టం వచ్చింది. పేరు పెట్టలేదు.