బలం పుట్టుకతో వచ్చేది కాదు, పెంచుకునేది

"ఆదివాసీ పిల్లలు కదా, బలం పుట్టుకతోనే ఉంటుంది" అని మన గురించి అంటుంటారు. వినడానికి పొగడ్తలాగే ఉంటుంది. కానీ దాని వెనకాలే "వీళ్లకి వేరే శిక్షణ ఎందుకులే" అనే మాట కూడా వచ్చేస్తుంది. అందుకే ఈ చరిత్ర మనం తెలుసుకోవాలి.

ఒకప్పుడు ఆటగాళ్లను బరువులు ఎత్తనిచ్చేవాళ్లు కాదు. కండలు బిగుసుకుపోయి పరుగు మందగిస్తుందని కోచ్‌ల భయం. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా సైనిక డాక్టర్ థామస్ డెలార్మ్ గాయపడ్డ సైనికుల చేత బరువులు ఎత్తించాడు. ఎంత బరువు, ఎన్నిసార్లు అని లెక్క పెట్టి కొద్దికొద్దిగా పెంచాడు. 1945లో ఆ పద్ధతిని వైద్య పత్రికలో ప్రచురించాడు.

ఆటల మైదానానికి ఈ పద్ధతి చేరడానికి ఇంకా టైమ్ పట్టింది. నెబ్రాస్కా యూనివర్సిటీలో బాయిడ్ ఎప్లీ అనే పోల్‌వాల్ట్ కుర్రాడు నడుముకు దెబ్బ తగిలి బరువుల గదికే పరిమితమయ్యాడు. అక్కడ అతని సాధన చూసి, 1969లో అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకు శిక్షణ ఇమ్మన్నారు. ఒక్కడి పరుగు తగ్గినా ఉద్యోగం పోతుందని హెడ్ కోచ్ బాబ్ డెవానీ ముందే హెచ్చరించాడు. ఎవరి పరుగూ తగ్గలేదు సరికదా, 1970, 1971లో ఆ జట్టే జాతీయ ఛాంపియన్ అయింది. 1978లో ఎప్లీ చొరవతో ఇలాంటి కోచ్‌లకు ఒక జాతీయ సంఘమే ఏర్పడింది. ఇప్పుడు బరువుతో పాటు నిద్ర, తిండి, విశ్రాంతి కూడా లెక్కలోకి వచ్చాయి.

ఈ పాఠం మన ఇంట్లో కూడా ఉంది. నిజామాబాద్ జిల్లా పాకాల లంబాడీ బిడ్డ మాలావత్ పూర్ణ 2014 మే 25న, 13 ఏళ్ల 11 నెలల వయసులో ఎవరెస్ట్ ఎక్కింది. తండా పిల్ల కాబట్టి ఎక్కేసిందా? కాదు. ముందు భువనగిరి గుట్ట, తర్వాత డార్జిలింగ్, ఆ తర్వాత లడాఖ్ చలి. ఒక్కో మెట్టూ పెంచుతూ తయారు చేశారు.

మన హాస్టల్ గ్రౌండ్‌లో పరుగెత్తే తమ్ముళ్లు, చెల్లెళ్ల కోసం మనం అడగాల్సింది ఇదే: ఈ వారం ఎంత పెంచారు? విశ్రాంతి ఏ రోజు? తిండి సరిపోతోందా? ఎక్కడైనా నొప్పి ఉందా? ఇవన్నీ ఒక నోట్‌బుక్‌లో రాయడం రేపే మొదలుపెడదాం. ఆ నోట్‌బుక్ చేతిలో పట్టుకుని, శిక్షణ పొందిన కోచ్ కావాలని గట్టిగా అడుగుదాం.