ఎడం నుంచి ఆపరేషన్ దాకా: తెలుగు పల్లెల్లో కుటుంబ నియంత్రణ

ప్రవేశిక

తెలుగు దినపత్రికల జిల్లా పుటలలో ‘కు.ని. శస్త్రచికిత్సలు’ అనే సంక్షిప్త రూపం చిరపరిచితం. కుటుంబ నియంత్రణ అనే విస్తృత భావన రెండక్షరాలకు కుదించుకుపోయి, ఆ రెండక్షరాలూ ఒకే శస్త్రచికిత్సకు విశేషణంగా స్థిరపడ్డాయి. పల్లెలో ఒక తల్లిని ‘ఆపరేషన్ అయిందా?’ అని అడిగితే, ఏ ఆపరేషనో వివరించవలసిన పని ఉండదు. ఈ అర్థసంకోచానికి ఒక చరిత్ర ఉంది. కాన్పులను ఆపడం, కాన్పుల మధ్య ఎడం పాటించడం అనేవి రెండు వేర్వేరు అవసరాలు. వాటిలో మొదటిదే గ్రామీణ సమాజంలో ఎందుకు నిలిచిందో పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం.

ఆచారాలలో ఎడం

తొలిచూలు, మలిచూలు, చూలింత, బాలింత వంటి పదాలు ప్రసవాన్ని దశలుగా, వరుసగా గుర్తించిన సమాజాన్ని సూచిస్తాయి. తొలికాన్పు పుట్టింట జరగడం, ఆ తర్వాత కొన్ని నెలలు బాలింత అక్కడే ఉండడం, కొత్త దంపతులను ఆషాఢంలో వేరుగా ఉంచడం వంటి ఆచారాలు దంపతుల మధ్య కొంత విరామాన్ని కల్పించాయి. బిడ్డకు చాలాకాలం చనుబాలు పట్టడం వల్ల కూడా మరుసటి గర్భం ఆలస్యమయ్యేది.

అయితే ఈ స్థితిని ఆదర్శంగా చిత్రించడం సరికాదు. బాల్యవివాహాలు, శిశుమరణాలు ఆ ఎడాన్ని తరచు భంగపరిచాయి. చంటిబిడ్డ మరణిస్తే పాలివ్వడం ఆగిపోయి, తల్లి త్వరలోనే మళ్ళీ గర్భం దాల్చే అవకాశం పెరిగేది. పైగా పుట్టింట ఎన్నాళ్ళు ఉండాలో, ఎప్పుడు అత్తింటికి తిరిగి రావాలో నిర్ణయించినవారు పెద్దలే. ఎడం ఉన్నచోట కూడా దానిపై అధికారం ఆ స్త్రీది కాదు.

పదం, విధానం

భారత ప్రభుత్వం 1952లో జాతీయ కార్యక్రమాన్ని ప్రారంభించినప్పుడు దాని పేరులోని ప్రధాన భావన ప్రణాళిక. హిందీ ‘నియోజన్’ అని, కన్నడం ‘యోజనె’ అని, మలయాళం ‘ఆసూత్రణం’ అని ఆ భావాన్నే గ్రహించాయి. తెలుగు ‘నియంత్రణ’ను, తమిళం ‘కట్టుప్పాడు’ను స్వీకరించాయి. విధానం దిశను పదమే నిర్ణయించిందని చెప్పలేము. కానీ తరువాత ఆచరణలో జరిగినదానికి ఆ పదం సరిగ్గా అమరింది.

1965లో ప్రవేశపెట్టిన లూప్ ఎడానికి ఉద్దేశించిన సాధనమే. రక్తస్రావం, నొప్పి వంటి ఇబ్బందులు కలిగినప్పుడు తిరిగి చూసేవారు కరవవడంతో అది నమ్మకాన్ని కోల్పోయింది. 1966లో కేంద్రంలో ప్రత్యేక శాఖ ఏర్పడింది. 1968లో నిరోధ్ మార్కెట్లోకి వచ్చింది. అదే కాలంలో పద్ధతులవారీగా లక్ష్యాల నిర్దేశం బలపడింది. లక్ష్యాలు లెక్కించే యంత్రాంగానికి శస్త్రచికిత్స అనుకూలం. ఒకసారి నమోదైతే ఆ అంకె మారదు. మాత్రలు, నిరోధ్‌లకు నెలనెలా సరఫరా, సలహా, పరామర్శ అవసరం.

అత్యవసర పరిస్థితి కాలంలో, 1976–77 ఒక్క సంవత్సరంలోనే దేశంలో 80 లక్షలకు పైగా శస్త్రచికిత్సలు జరిగాయి. వాటిలో అధికభాగం పురుషులకు చేసినవే. ఆ నిర్బంధంపై వచ్చిన ఆగ్రహం తర్వాత 1977లో కార్యక్రమం పేరు ‘కుటుంబ సంక్షేమం’గా మారింది. వాడుకలో మాత్రం ‘కు.ని.’ మిగిలింది. పురుషుల శస్త్రచికిత్సలు క్షీణించి, భారం స్త్రీల మీదికి మళ్ళింది.

ఆంధ్రప్రదేశ్ అనుభవం

1991 జనగణన నాటికి ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీల అక్షరాస్యత సుమారు 33 శాతమే. అయినా జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల ప్రకారం మొత్తం సంతానోత్పత్తి రేటు 1992–93లో 2.6 ఉండగా, 2005–06 నాటికి 1.8కి తగ్గింది. విద్య విస్తరిస్తేనే సంతానం తగ్గుతుందనే ప్రసిద్ధ వాదానికి ఇది సవాలుగా నిలిచింది. ఇద్దరికి మించి సంతానం ఉన్నవారిని స్థానిక ఎన్నికలకు అనర్హులను చేసిన 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం, 1997లో రాష్ట్రం ప్రకటించిన జనాభా విధానం ఈ దశకు చెందినవే.

ఈ విజయం లోపలి స్వరూపం వేరు. శస్త్రచికిత్స చేయించుకున్న స్త్రీల మధ్యస్థ వయస్సు 25 ఏళ్ళ లోపే. పెళ్ళి, రెండు కాన్పులు, ఆపరేషన్ అన్నీ కొద్ది సంవత్సరాలలోనే ముగిశాయి. 2019–21 నాటి ఐదవ విడత సర్వేలోనూ ఆంధ్రప్రదేశ్‌లో వివాహిత స్త్రీలలో దాదాపు 70 శాతం మంది శస్త్రచికిత్సపైనే ఆధారపడ్డారు. పురుషుల వాటా ఒక శాతం కూడా లేదు. ఎడానికి ఉపకరించే ఆధునిక పద్ధతులన్నీ కలిపినా రెండు శాతం లోపే.

ఈ స్త్రీలను కేవలం బాధితులుగా చూడడం కూడా సరికాదు. కూలిపని మానుకొని పదేపదే ఆరోగ్యకేంద్రానికి వెళ్ళలేని స్త్రీకి, రోజురోజూ భర్త సహకారాన్ని కోరవలసిన అవసరం లేని శాశ్వత పద్ధతి సహేతుకమైన ఎంపిక. ఆమె తెలివిగానే ఎంచుకుంది. ఎంచుకోవడానికి ఆమె ముందు నిజంగా ఉంచినది మాత్రం ఒక్కటే.

ఉపసంహారం

‘చిన్న కుటుంబం చింతలేని కుటుంబం’ అన్న నినాదం కుటుంబ పరిమాణాన్ని చెప్పింది. తల్లి శరీరం తేరుకోవడానికి పట్టే కాలాన్ని చెప్పలేదు. ఒక కాన్పు తర్వాత మరుసటి గర్భానికి కనీసం 24 నెలల విరామం అవసరమన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు. 2017లో కేంద్రం ప్రవేశపెట్టిన గర్భనిరోధక ఇంజెక్షన్‌కు ‘అంతర’ అని పేరు పెట్టారు. ఎడం అనే పాత భావనే సంస్కృత రూపంలో తిరిగి వచ్చిందన్నమాట. 2024లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఇద్దరు పిల్లల నిబంధనను తొలగించింది. ఒకప్పుడు సంతానం తగ్గాలన్న ఆందోళన, ఇప్పుడు పెరగాలన్న ఆందోళనగా మారింది. రెండు సందర్భాలలోనూ చర్చ సంఖ్య చుట్టూనే తిరిగింది. ఎందరు అన్న ప్రశ్నకు ప్రభుత్వాలు కాలానుగుణంగా సమాధానాలు మారుస్తూ వచ్చాయి. ఎప్పుడు అన్న ప్రశ్న మాత్రం తెలుగు పల్లెలో ఇప్పటికీ తల్లి చేతికి అందలేదు.