విప్పలేని టబ్బు

పాత వాషింగ్ మెషీన్లలో డ్రమ్ము చుట్టూ ఉండే టబ్బును చాలావరకు బోల్టులతో బిగించేవారు. బేరింగ్ అరిగి గరగరమంటే మెకానిక్ టబ్బు విప్పి, బేరింగునూ దాన్ని తడవనివ్వని సీలునూ మార్చేవాడు. తర్వాత అనేక కంపెనీలు ప్లాస్టిక్ టబ్బును విప్పే వీల్లేకుండా అతికించేశాయి. చిన్న బేరింగ్ పోతే టబ్బు మొత్తం కొనాలి. ఆ ఖర్చుకు వెరచి జనం కొత్త మెషీన్ వైపే మొగ్గారు. కొనుగోలుదారుకు ఇది అన్యాయమే.

2021 మార్చి నుంచి ఐరోపా సమాఖ్యలో వాషింగ్ మెషీన్ల విడిభాగాలపై కొత్త నిబంధన అమల్లోకి వచ్చింది. ఒక మోడల్ చివరి మెషీన్ మార్కెట్లోకి వచ్చాక కనీసం 10 ఏళ్లపాటు మోటారు, పంపు, డ్రమ్ము బేరింగుల వంటి విడిభాగాలు మెకానిక్‌లకు దొరకాలి. అయితే బేరింగును విడిగానే ఇవ్వాలన్న పట్టింపు అందులో లేదు. అసలు లోపం అక్కడే మిగిలింది. భారత్‌లో 2022 జులైలో వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కుపై కమిటీ వేసింది. గృహోపకరణాలూ దాని పరిధిలోనివే.